దాచమని ఇచ్చిన డబ్బు

అసిల్‌ఖాన్ అల్మాటీలో ముప్పై ఒక్క ఏళ్లు ట్రాలీబస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ తర్వాత అతనికి మిగిలిన సరదా ఒక్కటే. నెలకోసారి, మొదటి శనివారం, పొద్దున పది గంటల బస్సెక్కి, జూదశాలలున్న కప్చగాయ్ ఊరు వెళ్లి పోకర్ ఆడేవాడు. జేబులో నలభై వేల టెంగేలు ఉండేవి. అవి పోతే లేచిపోయేవాడు. రెట్టింపైనా లేచిపోయేవాడు. ముక్కలు పంచే అమ్మాయి "ఇంకొక్క ఆట కూర్చోండి తాతా" అన్నా నవ్వేసి కోటు తగిలించుకునేవాడు.

అతని స్నేహితుడు నుర్‌పెయిస్ అలాంటివాడు కాదు. అదే ట్రాలీబస్సు డిపోలో వెల్డింగు చేసేవాడు. గెలిస్తే టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ మాంసం కూరిన మంతీలు తెప్పిస్తాడు. ఓడితే మాత్రం కుర్చీలోంచి లేవలేడు. ఒకసారి బస్సు చార్జీ కూడా పోగొట్టుకుని, ఎవరో లారీ డ్రైవర్ని బతిమాలి ఇల్లు చేరాడు. ఆ మర్నాడే అసిల్‌ఖాన్ ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్ అసిల్, నాకు దేవుడు బ్రేకు పెట్టలేదురా. ఇకమీదట నా డబ్బూ, బ్యాంకు కార్డూ నువ్వే పట్టుకో. ఆటకెళ్లినప్పుడు నలభై వేలు ఇవ్వు. అది పోయాక ఏడ్చినా ఇవ్వకు."

"నువ్వు కొడితే?"

"తిరిగి కొట్టు. డబ్బు మాత్రం ఇవ్వకు."

రెండేళ్లు అలాగే సాగింది. నుర్‌పెయిస్ బతిమాలాడు, అలిగాడు, ఒట్లు పెట్టాడు. అసిల్‌ఖాన్ ఎండు పెరుగు ఉండ నోట్లో వేసుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. తిరుగు బస్సులో నుర్‌పెయిస్ అతని భుజం మీద తల వాల్చి గురక పెట్టేవాడు. ఇంటి దగ్గర కుల్యాష్, నుర్‌పెయిస్ భార్య, "మా ఆయన్ని తిన్నగా ఇంటికి తెచ్చారు, సంతోషం అన్నయ్యా" అని ఇద్దరికీ టీ పోసేది.

ఒక మార్చి శనివారం బస్టాండులో నుర్‌పెయిస్ తోలుసంచి ఒకటి అతని చేతిలో పెట్టాడు. కుల్యాష్ మోకాలి ఆపరేషన్ కోసం షెడ్డు అమ్మిన డబ్బు అది, ఆరు లక్షలు. సోమవారం ఆసుపత్రిలో కట్టాలి.

"ఇంత డబ్బు ఎందుకు తెచ్చావురా?"

"ఇంట్లో ఉంచితే నేనే తీస్తాను. నీ దగ్గరుంటేనే నాకు భయం ఉండదు."

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నుర్‌పెయిస్ నలభై వేలూ పోయాయి. చేతిలో రెండు రాజులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న బట్టతలాయన చేతిలోని నాలుగు అంకె ముక్కలు మూడింటికి ఓడిపోయాడు. అసిల్‌ఖాన్ టేబుల్ దగ్గరికి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఒక్క యాభై ఇవ్వరా. ఈసారి వాడి దగ్గరేమీ లేదు, ఉత్తుత్తి బెదిరింపు. నాకు తెలుసు."

"పోయిన నెలా నీకు తెలుసు."

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నుర్‌పెయిస్ మొహం మాడిపోయింది.

"లేదనడమంటే నీకు సరదా. ఎల్దోస్‌కీ ఇలాగే లేదన్నావు. తలుపు తీయలేదు. ఏమైందో చూశావుగా."

ఎల్దోస్ అసిల్‌ఖాన్ కొడుకు. నాలుగేళ్ల క్రితం జనవరిలో, తాగొచ్చి డబ్బులడిగి తలుపు బాదాడు. తాగిన మనిషికి తలుపు తీయనని అసిల్‌ఖాన్ ముందే చెప్పి ఉన్నాడు, ఆ మాట మీదే నిలబడ్డాడు. తెల్లారాక పక్క వీధిలో బల్ల మీద వాడి ఒళ్లు చలికి కట్టెలా బిగుసుకుపోయి దొరికింది. ఆ విషయం ఈ నాలుగేళ్లలో ఎవరూ అతని మొహం మీద అనలేదు.

అసిల్‌ఖాన్ లోపలి జేబులోంచి సంచి తీసి టేబుల్ మీద పెట్టాడు. "తీసుకో" అన్నాడు.

నుర్‌పెయిస్ కుర్చీలోంచి లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ క్షణంలో అసిల్‌ఖాన్ చెయ్యి చాపి సంచి వెనక్కి లాక్కోవచ్చు. లాక్కోలేదు. నుర్‌పెయిస్ దాన్ని తీసుకుని మళ్లీ ఆటకు కూర్చున్నాడు.

మూడున్నరకు ఆ డబ్బంతా పోయింది. ఆ రెండున్నర గంటలూ అసిల్‌ఖాన్ ముక్కలు ముట్టుకోకుండా అక్కడే కూర్చున్నాడు. లేచి వెళ్లి స్నేహితుడి చెయ్యి పట్టుకుని లాగలేదు. పోనీ అనుకున్నాడు. పోవాలి అని కూడా అనుకున్నాడు.

సోమవారం కుల్యాష్ కుంటుకుంటూ మూడంతస్తులెక్కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన అడిగాడని ఇచ్చారా అన్నయ్యా?"

"ఇచ్చానమ్మా."

"అడుగుతాడని మీకు తెలుసు కదా. అందుకేగా మీ చేతికిచ్చింది. ఆట దగ్గర ఆయనకు ఒంటి మీద తెలివి ఉండదు. మీకు ఉంటుందనుకున్నాను."

ఆమె గొంతు పెంచలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ వేసవిలోనే వాళ్లు ఇల్లు అద్దెకిచ్చి తాల్దికోర్గాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.

అసిల్‌ఖాన్ మళ్లీ కప్చగాయ్ బస్సెక్కలేదు. ఆటకు తీసుకెళ్లే నలభై వేలు నెలనెలా పక్కన పెట్టాడు. పదిహేను నెలలకు ఆరు లక్షలయ్యాయి. పట్టుకుని తాల్దికోర్గాన్ వెళ్లాడు.

తలుపు తీసిన కుల్యాష్ చేతికర్ర మీద ఆనుకుని ఉంది. కవరు విప్పి చూసింది. "తీసుకుంటాను అన్నయ్యా. వద్దనే స్తోమత మాకు లేదు" అంది. ముగ్గురూ టీ తాగారు. ఎండల గురించి మాట్లాడుకున్నారు. నుర్‌పెయిస్ బాగా చిక్కిపోయాడు, కప్పులోంచి తల ఎత్తలేదు.

బస్టాపు దాకా మాత్రం వెంట వచ్చాడు.

"ఆ రోజు నేనన్న మాట..."

"నిజమే కదరా."

"నిజం కాబట్టే అనకూడదు."

అసిల్‌ఖాన్ బస్సు వచ్చే వైపు చూశాడు. "నువ్వు ఆడుతుంటే నేను లేచి రాలేదు. ఓడిపోతే బాగుండునని అనుకున్నాను."

"తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నీ మొహంలో కనపడింది."

బస్సు వచ్చింది. ఒకరి చేతులొకరు పట్టుకుని వదిలారు.

మరుసటి ఏడు వసంతంలో, నౌరీజ్ కొత్త సంవత్సరం పండక్కి నుర్‌పెయిస్ ఫోన్ చేశాడు. కుల్యాష్‌కు ఆపరేషన్ అయిందని, కర్ర లేకుండా బజారుకు వెళ్తోందని చెప్పాడు. అసిల్‌ఖాన్ చాలా సంతోషం అన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.