కాలిన మీసం, కుదిరిన ముహూర్తం

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. మేం గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నా డిగ్రీ అయిపోగానే ఒక సంబంధం వచ్చింది. మాట ఖాయం చేసుకోవడానికి ఓ ఆదివారం అబ్బాయి, వాళ్లమ్మ వచ్చారు.

వాళ్లకోసం మా అన్న పెరట్లో సగానికి కోసిన డ్రమ్ములో కట్టెబొగ్గులు పోసి, పైన ఇనుప జాలీ పెట్టి, కోడిముక్కలు కాల్చబోయాడు. బొగ్గులు ఎంతకీ రాజుకోలేదు. నేను వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తున్నాను.

"జరుగు బావా, నేను అంటిస్త" అంటూ పెళ్లికొడుకు కిరోసిన్ సీసా అందుకున్నాడు.

"వద్దు, లోపల నిప్పున్నది!" అని అన్న అరిచేలోపే ఒంపేశాడు. భగ్గుమని మంట అతని మొహం దాకా లేచింది.

నేను సిగ్గు మరిచి పరుగెత్తి, బకెట్ నీళ్లు అతని మొహాన కుమ్మరించాను. అన్న తడి గోనెసంచి డ్రమ్ము మీద కప్పాడు.

అతను తలెత్తాడు. గాయం ఒక్కటీ లేదు. ఒకవైపు మీసం మాత్రం మాడిపోయింది! నాకు నవ్వు తన్నుకొచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. సంబంధం పోయినట్టేనని అమ్మ నావైపు గుడ్లురిమింది.

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు జల్ది రాకుంటే ఏమయ్యేదో బిడ్డా!" అని, మా అమ్మవైపు తిరిగి, "వదినా, ముహూర్తం ఎప్పుడు పెడదాం?" అంది.

"మీసం మొలిచినంక పెట్టుండ్రి" అన్నాడతను, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఇప్పుడు మా ఇంట్లో కోడి కాల్చేది ఆయనే. కిరోసిన్ ఊసెత్తకుండా, బొగ్గులు తెల్లబడేదాకా ఓపిగ్గా విసురుతారు. పెళ్లి ఫొటోలో మీసం అంత పలచగా ఉందేమని పిల్లలు అడిగితే మాత్రం, ఇద్దరం ఒకేసారి నవ్వేస్తాం.