మా నాన్న పడ్డ సైకిలు

మా ఇంట్లో ఎవరికీ సైకిలు తొక్కడం రాదు. మా నాన్న చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ముక్కు వంకర చేసుకున్నారట. అందుకని నేనూ అన్నయ్యా సైకిలు పేరెత్తితే చాలు, అమ్మ ఆ ముక్కు చూపించి మా నోళ్ళు మూయించేది. ముక్కు కింద పొదలాంటి మీసం. జ్వరమొచ్చి మంచమెక్కినా దాన్ని కత్తిరించే పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు.

నాన్నది ఫోటో స్టూడియో. "గడ్డం కొంచెం పైకెత్తండి, నవ్వండి" అని ఊరందరికీ చెప్పడమే పని. తను మాత్రం పళ్ళు కనబడేలా నవ్వగా మేం చూడలేదు. ఫోటోల్లో మొటిమలూ మచ్చలూ మాయం చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. సంబంధాలకు పంపే ఫోటోలనైతే ఎంత ఉదారంగా సరిదిద్దేవారంటే, తర్వాత అసలు మనిషిని గుర్తుపట్టలేక అవతలివాళ్ళు తికమకపడేవారు.

వదినకు అయిదో నెలలో స్కానింగ్ తీశారు. డాక్టరుగారు తెరనే చూస్తూ, "పై పెదవి కలిసినట్టు లేదు, కౌన్సిలర్ని కలవండి" అని ఆ తెరకే చెప్పి లేచిపోయారు. అంత పెద్ద చదువు చదివాక మనుషుల మొహాలు చూడనక్కర్లేదు కాబోలు.

కౌన్సిలర్‌కు ఇచ్చిన గది స్టోరు రూము పక్కన ఉంది. మూలన ఒక విరిగిన చక్రాల కుర్చీ, వచ్చినవాళ్ళకు రెండు మంచి కుర్చీలు. నాన్నతో సహా అందరం లోపలికి వెళ్ళాం. అమ్మా, వదిన వాళ్ళమ్మా, వియ్యపురాళ్ళిద్దరూ ఆ రెండూ ఆక్రమించారు. కడుపుతో ఉన్న మనిషి నిలబడింది. కౌన్సిలరమ్మాయి లేచి తన కుర్చీ వదినకిచ్చి, ఆమె వైపే చూస్తూ చెప్పింది.

"పెదవి చీలి ఉందేమోనని అనుమానం. అంగిలి సంగతి పుట్టాక గానీ ఖాయంగా చెప్పలేం. మిగతావన్నీ బాగానే కనిపిస్తున్నాయి. పుట్టిన కొన్ని నెలలకు ఆపరేషన్ చేస్తారు. పాలు పట్టడానికి వేరే సీసా ఉంటుంది, నేను నేర్పిస్తాను. మీరేదో చేయబట్టి వచ్చిందని మాత్రం అనుకోకండి." ఆ తర్వాత అడగాల్సిందే అడిగింది పాపం. "మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా ఇలా ఉందా?"

అంతే, అగ్గి రాజుకుంది.

"మా ఇంటా వంటా లేదు," అంది అమ్మ. "నాలుగో నెలలో మేడ మెట్లెక్కి బట్టలారేసింది. వద్దంటే వింటేగా."

"మా వైపు ఒక్కరి మొహం మీదా చిన్న మచ్చ కూడా లేదు వదినగారూ," అంది వదిన వాళ్ళమ్మ, గడ్డం మీద శనగగింజంత పుట్టుమచ్చ పెట్టుకుని.

"మెట్లకూ పెదవికీ సంబంధం లేదండీ," అని కౌన్సిలర్ చెబుతున్నా వినేదెవరు? అన్నయ్య, బిడ్డ తండ్రి, గచ్చు మీద పలకలు లెక్కపెట్టుకుంటున్నాడు.

వదిన అప్పుడు నోరు విప్పింది. "పెద్దయ్యాక మొహం ఎలా ఉంటుంది?"

కౌన్సిలర్ ఫోటోలు చూపించింది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత. వదిన చూసి పక్కన పెట్టేసింది.

"మా మావయ్యగారు చేసే పనే ఇది. ఫోటోలు నేను నమ్మను. ఇలా పుట్టి, పెద్దయి, నలుగురిలో తిరిగే మనిషిని చూపించండి. లేదంటే నా బిడ్డను నేను ఎవరికీ చూపించను. గదిలోనే పెట్టుకుని పెంచుకుంటా."

అన్నంత పనీ చేసే మనిషి మా వదిన. "వచ్చే వారం ఒకరిని రప్పిస్తాను," అంటోంది కౌన్సిలర్. ఈలోగా నాన్న గదిలోంచి వెళ్ళిపోయారు.

"ఇలాంటప్పుడు కూడా టీ కావలసి వచ్చింది ఈయనకు," అని అమ్మ ఆ కాసేపూ ఆయన్ని దులిపేసింది.

తలుపు దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డారు. "బాబూ, లోపల పేషెంటు ఉంది, బయట కూర్చో," అంది అమ్మ.

"నేనేనే," అన్నారాయన.

ఎదురుగా ఉన్న సెలూన్లో మీసం తీయించుకుని వచ్చారు నాన్న. ఎండ ఎరగని పై పెదవి. ముక్కు నుంచి పెదవి దాకా వంకరగా కుట్టిన లావుపాటి మచ్చ.

"మరి సైకిలు?" అంది అమ్మ.

"సైకిలూ లేదు, ఏమీ లేదు. పుట్టుకతోనే. ఎవరడిగినా అలా చెప్పమంది మా అమ్మ."

వంక మా వైపుదని తేలేసరికి వియ్యపురాలి మొహం వెలిగిపోయింది. నాకైతే ఒళ్ళు మండింది. లేని సైకిలు కోసం నేను కాలేజీకి కాళ్ళరిగేలా నడిచాను. కడిగేద్దామని చూస్తే, ఆయన అరచేత్తో పెదవి కప్పుకుని నిలబడి ఉన్నారు. పిచ్చి నాన్న అనిపించింది, ఏడుపొచ్చింది.

వదిన లేచి దగ్గరకు వెళ్ళింది. "చెయ్యి తియ్యండి మావయ్యా."

తీశారు.

"తినడానికి ఇబ్బందా?"

"లేదమ్మా."

"బళ్ళో ఏడిపించారా?"

"ఏడిపించారమ్మా."

వదిన తలూపింది. "గడ్డం కొంచెం పైకెత్తండి. నవ్వండి."

నాన్న నవ్వారు. పెదవి ఒక పక్క ఎక్కువ లేచింది, ఒక పక్క తక్కువ. వదిన చాలాసేపు చూసింది. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చుని కౌన్సిలర్‌తో అంది.

"ఆ సీసా ఎలా పట్టాలో చూపించండి."