ఉడుత కోసం ఆగిన నలభై ఒక్క రోజులు

ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. నా చదువు పదో తరగతితో ఆగింది. రీలు ఎన్ని అడుగులు, పాట ఎన్ని నిమిషాలు, షూటింగు ఎన్ని రోజులు, ఇవన్నీ చూసి చూసి నేర్చుకున్నాను. పంచాంగం కూడా అలాగే వచ్చింది. మా ఆఫీసులో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు నన్ను మంచిరోజు అడిగేవారు. తప్పు చెప్పానని ఎవరూ అనలేదు. అదే నన్ను చెడగొట్టింది.

యూసుఫ్‌గూడలో మా వీధిలోనే టైటిల్ కార్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన ఉండేవాడు. బాపట్ల వైపు క్రైస్తవ కుటుంబం. ఎనభైల చివర్లో మా నిర్మాత తీసిన పిల్లల సినిమాకు, పేర్లు పడే చోట ఆయన ఒక ఉడుతను గీశాడు. భుజాన గుడ్డసంచి, ఒక చెవి వంగి ఉంటుంది. సంచి ఉడుత అని పేరు కూడా ఆయనే పెట్టాడు. సినిమా రెండు వారాలు కూడా ఆడలేదు. ఉడుత మాత్రం పిల్లలకు గుర్తుండిపోయింది.

తొంభైల మొదట్లో ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. టైటిల్ అక్షరాలకు గీత నిటారుగా ఉండాలి. పిలుపులు తగ్గాయి. ఉడుతను మాత్రం ఆ చేత్తోనే గీయగలిగేవాడు, వణుకు తోక బొచ్చులో కలిసిపోయేది. ఆ బొమ్మతో బడి పుస్తకాల మీద అంటించే లేబుళ్లు ఇంట్లోనే అచ్చువేసి అమ్మితే ఇల్లు గడుస్తుందని భార్యాభర్తలు అనుకున్నారు. వాళ్లకు మిగిలింది ఆ ఉడుత ఒక్కటే. ఎవరూ కాజేయకుండా ముందు రిజిస్టర్ చేయించాలి. ఆ పని నేను చేస్తానన్నాను.

కోఠీలో చట్టం పుస్తకం కొని పదిహేను రోజులు చదివాను. కథలోని పాత్రను పాత్రగా ఎవరూ నమోదు చేయరు. దాని పేరును, బొమ్మను ఫలానా సరుకు మీద గుర్తుగా నమోదు చేస్తారు. సరుకులన్నీ కలిపి ముప్పై నాలుగు వర్గాలు. కాగితం సామాను పదహారోది. ఫారానికి బొమ్మ అంటించాలి, ఆ గుర్తును ఎప్పటినుంచి వాడుతున్నారో రాయాలి. ఇంకా అమ్మకం మొదలుకాకపోతే ‘వాడబోతున్నాము’ అని రాయాలి. మేము అదే రాశాం. అలా రాసినవాళ్లకు దరఖాస్తు చేరిన తేదీయే బలం. పుస్తకంలో ఆ మాట కింద నేనే పెన్సిల్‌తో గీత గీసుకున్నాను.

ఫారం సిద్ధమైన పూటే మద్రాసు కార్యాలయానికి పోస్టులో వేద్దామన్నాడు ఆర్టిస్టు. నేను పంచాంగం తీశాను. గురు మౌఢ్యమి నడుస్తోంది. అది వదలగానే ఆషాఢం.

“మాకు ఇవేం లేవు కదన్నా,” అన్నాడు.

“నీకు లేకుంటే లేకపాయె. ఫారం రాసింది నేను గద,” అన్నాను.

ఆయన భార్య నవ్వింది. “అన్నయ్యగారు ముహూర్తం పెట్టకపోతే ఆ ఉడుత సంచి కూడా తగిలించుకోదులెండి.”

నలభై ఒక్క రోజులు ఆగాం. అప్పటిదాకా ఒక్క లేబులు కూడా అమ్మొద్దన్నాను. కవరు మూలలకు పసుపు రాసి ఆఫీసులో నా సొరుగులో పెట్టుకున్నాను. దానికి తాళం లేదు. శ్రావణం వచ్చాక, పోస్టుకు మూడు రోజులు లెక్కవేసి, దశమి గురువారం చేరేలా సోమవారం రిజిస్టర్ పోస్టు చేశాను.

ఏడాదిన్నర పాటు లేబుళ్లు బాగానే పోయాయి. రహమత్ నగర్ దాకా బడి పిల్లల పుస్తకాల మీద ఉడుత కనిపించేది. అప్పుడు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. అదే పేరు, అదే బొమ్మ, అదే వర్గం కోరుతూ ముందే ఒక దరఖాస్తు ఉంది. వేసింది ఒక నోట్‌బుక్కుల కంపెనీ, దాని యజమాని మా నిర్మాతకు బావమరిది. మాకంటే ఇరవై రెండు రోజులు ముందు.

నాంపల్లిలో వకీలు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. సినిమాలో ఉడుత అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉంది కదా అని వాదించాను.

“సినిమా సరుకు గాదు సాబ్,” అన్నాడాయన. “సబ్బు సరుకు, అగ్గిపెట్టె సరుకు. తెర మీద ఉరికిన ఉడుత ఏ దుకాణంల అమ్మింది? పోనీ, బొమ్మ నాది అంటవు. కాగితం ఉన్నదా?”

లేదు. మా దగ్గర పని నోటిమాట మీద నడిచేది. చీటీ రాసిమ్మని అడిగిన ఆర్టిస్టుకు మళ్లీ పిలుపు రాదు. నిర్మాత మాత్రం ఆ బొమ్మ తాను కూలికి వేయించుకున్నదని జూబ్లీహిల్స్ ఇంట్లో కూర్చుని బావమరిదికి రాసిచ్చాడు. అదే ఆఫీసులో ఉన్న నాకు ఆ సంగతి తెలియలేదు. నా సొరుగు ఎవరైనా తెరిచారో లేదో ఇప్పటికీ తెలియదు. కొట్లాడవచ్చు, ఏళ్లు పడుతుంది అన్నాడు వకీలు. ఆర్టిస్టు చేతి వైపు చూసి మా కాగితాలు మాకు తిరిగి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఆగింది నలభై ఒకటి. వాళ్లు ముందున్నది ఇరవై రెండు. ఫారం రాసిన రోజే పంపి ఉంటే పంతొమ్మిది రోజులు మేమే ముందు. రెండోసారి కూడా వేసి చూశాను. ఆ తీసివేత ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఉడుతను ఏ కాగితం సరుకు మీదా వేయనని ఆయన సంతకం పెట్టాడు. మిగిలిన లేబుళ్లు కంపెనీకి అప్పగించాలి. నూరేసి లేబుళ్లు నేనే కట్టలు కట్టాను, అరవై మూడు వచ్చాయి. వాళ్ల మనిషి లెక్క చూసుకోకుండానే గోనెలో వేసుకుని పోయాడు.

“అన్నయ్యగారూ, ఇంట్లో పిల్ల అడిగితే గీయొచ్చాండీ?” అని అడిగింది ఆయన భార్య. “దానికి కూడా ఏమైనా అంటారా?”

గీయొచ్చని చెప్పాను. ఇంట్లో పిల్లకు గీసేది అమ్మకం కాదు, ఎవరూ ఆపలేరు. ఆమె భర్త వైపు తిరిగి, “విన్నారా, గీయొచ్చంట,” అంది.

వాళ్ల కూతురికి అప్పుడు ఆరేళ్లు. వెంటనే పలక తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన బలపం అందుకున్నాడు. ఒక పిల్లిని గీశాడు. పిల్ల పలకను వెనక్కి తోసి, ఇది కాదు ఉడుత కావాలి అంది.

“ఉడుత నాకు రాదమ్మా,” అన్నాడు.