కాటా ఆదాం ఆగిన ఐదు నిమిషాలు

గుంటూరు మిర్చి యార్డులో ఆదాం అంటే ఎవరికీ తెలియదు. కాటా ఆదాం అనాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే కాటా దగ్గర మేస్త్రిగా నిలబడ్డాడు. మనిషి పొట్టి. గొంతు మాత్రం షెడ్డు ఈ చివర అరిస్తే ఆ చివర టీ కొట్టువాడు ఉలిక్కిపడేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, బండి దిగగానే మొదటి టిక్కీ మీద అంకె వేసేవాడు. దిగిన వరసే తూకం వరస. ఆ అంకె పడ్డాక ఎవడి బామ్మర్ది వచ్చినా, ఎవడి ఫోను మోగినా అది చెరిగేది కాదు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే మాత్రం వాడి సరుకు లాటంతా చివరికి పోయేది.

"టీకెళ్లానంటే నాకెందుకయ్యా? పిలిచాను, పలకలేదు. వెళ్లి చివర నిలబడు" అనేవాడు.

రైతులు దండం పెట్టేవాళ్లు. వ్యాపారులు పళ్లు నూరేవాళ్లు. అందరికంటే ఎక్కువ నూరింది లక్ష్మీకాంత్. రెండు కోల్డ్ స్టోరేజీలూ, బయటిదేశాలకి ఎగుమతులూ ఉన్న మనిషి. "ఆదాం, నా సరుకు ఇవాళ ఓడెక్కాలయ్యా" అని ఎన్నిసార్లు అడిగాడో. "ఎక్కించండి. మీ వంతు వచ్చాక ఎక్కించండి" అనేవాడు ఆదాం, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని.

ఇంతవరకు వింటే మెచ్చుకోబుద్ధవుతుంది. నాక్కూడా ఒకప్పుడు అయింది. మరి ఇషాక్ సంగతి కూడా చెప్పాలిగా.

ఇషాక్ ఆదాంకి అన్న. తండ్రి పోయాక వీణ్ణి భుజాన వేసుకుని పెంచినవాడు. ప్రత్తిపాడు దగ్గర నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఆ ఏడు ఇరవై రెండు టిక్కీలు యార్డుకి తెచ్చాడు. అప్పటికే పదమూడు లాట్లు దిగి ఉన్నాయి. పదమూడోది లక్ష్మీకాంత్‌ది, మూడువందల టిక్కీలు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. గాలి మొదలైంది.

"ఒరేయ్ తమ్ముడూ, నావి ఇరవై రెండేరా. పది నిమిషాల పని. ఆయన సరుకు మీద టార్పాలిన్ పట్టాలున్నాయి, నా మీద ఆకాశం తప్ప ఏముందిరా?" అన్నాడు ఇషాక్.

ఆదాం తల ఎత్తలేదు. "అన్నయ్యా, నీది పద్నాలుగు" అన్నాడు.

లక్ష్మీకాంత్ టిక్కీలు ఒక్కటొక్కటే కాటా ఎక్కి దిగుతున్నాయి. రెండువందలు దాటేసరికి వాన దిగింది. ఇషాక్ తలపాగా విప్పి టిక్కీల మీద కప్పాడు. ఇరవై రెండు టిక్కీలకి ఒక తలపాగా ఏ మూలకొస్తుంది? తడిసిన కాయ బూజు పట్టింది. కొనడానికి వచ్చినవాళ్లు వాసన చూసి చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

మరుసటి ఏడు ఇషాక్ కౌలు వదిలేసి, పెళ్లాన్నీ కొడుకు బాజీనీ తీసుకుని ముంబయి వెళ్లి మసాలా మిల్లులో చేరాడు. రైలెక్కేముందు తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు, నోట్లో నవ్వు. "ఒరేయ్, రేపు నేను పోతే నువ్వు నా జనాజానైనా వరసలో నిలబెడతావురా" అన్నాడు. ఆ మాట చుట్టాలందరికీ పెద్ద హాస్యమైపోయింది. పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వేవాళ్లు. ఆదాం ఒక్కడే నవ్వేవాడు కాదు.

మొన్న ఫిబ్రవరిలో తెల్లవారి నమాజుకి లేచేసరికి బాజీ ఫోను. "బాబాయ్, నాన్న పోయాడు" అని, కాసేపు ఏడ్చి, మళ్లీ అన్నాడు: "మధ్యాహ్నం జొహర్ నమాజుకే తీసుకెళ్లిపోదామంటున్నారు పెద్దలు. నువ్వొస్తానంటే సాయంత్రం అసర్ నమాజు దాకా ఆపుతాను. అంతకంటే నా వల్ల కాదు."

"వస్తున్నా. ముఖం చూసుకోవాలిరా. ఆపు" అన్నాడు ఆదాం.

రైల్లో పోతే మర్నాటికి గాని చేరడు. ఆదాం కూతురు నగ్మా గన్నవరం ఎయిర్‌పోర్టులో ఒక విమాన కంపెనీ కౌంటర్లో ఉద్యోగం చేస్తోంది. ఆ పొద్దున తన డ్యూటీయే. పదకొండు యాభైకి ముంబయి విమానం ఉంది గాని టికెట్లన్నీ అయిపోయాయి. ఉద్యోగుల తల్లిదండ్రులకి కంపెనీ ఒక టికెట్ ఇస్తుంది, స్టాండ్‌బై అంటారు. సీటు మిగిలితే ఎక్కొచ్చు, లేకపోతే ఇంటికి. నగ్మా అది రాయించింది.

ఆదాం ఏడున్నరకే అక్కడున్నాడు. కౌంటర్లింకా తెరవలేదు. సంచీ కౌంటరు ముందు నేల మీద పెట్టి, దాని పక్కన నిలబడ్డాడు. తనకంటే ముందు ఎవరూ లేరు. ముప్పై ఏళ్లు అందరి వరసా చూసిన మనిషి, ఇవాళ ఒక వరసలో తనే మొదటివాడు. ఆ దుఃఖంలో కూడా ఆయన గుండెకి కాస్త ధైర్యం వచ్చిందంటే ఆ సంచీని చూసే.

నగ్మా డ్యూటీ బట్టల్లో వచ్చి సంచీని చూసింది, తండ్రిని చూసింది. పక్కకి తీసుకెళ్లి చెప్పింది.

"నాన్నా, ఇక్కడ వచ్చిన వరస కాదు. ముందు బిజినెస్ క్లాస్ టికెట్టున్నవాళ్లు. తర్వాత తరచూ తిరిగే పెద్ద కార్డులవాళ్లు, వాళ్లల్లో మళ్లీ ప్లాటినం, గోల్డు, సిల్వర్. తర్వాత డబ్బులు కట్టి కొన్నవాళ్లు. తర్వాత మా స్టాఫ్. అందరికంటే చివర స్టాఫ్ అమ్మానాన్నలు."

"నేను ఏడున్నరకి వచ్చానే తల్లీ. అది లెక్కలోకి రాదా?"

"ఒకే మెట్టు మీద ఇద్దరుంటే అప్పుడు చూస్తారు. నీ మెట్టు మీద నువ్వొక్కడివే."

ఆదాంకి ఇది ఎక్కలేదు. ఏ కాటా దగ్గరైనా ముందు దిగిన సరుకు ముందు ఎక్కాలి. బస్తా ఎవడిదని కాటా అడుగుతుందా? అయినా తల ఊపాడు. వీళ్ల యార్డు వీళ్లిష్టం అనుకున్నాడు.

పదిన్నర దాటింది. విమానం వెనక భాగమంతా నిండిపోయింది. ముందు బిజినెస్ క్లాసులో ఒక్క సీటు మిగిలింది. స్టాండ్‌బై పట్టికలో ఆదాం పేరు తప్ప ఇంకెవరిదీ లేదు. నగ్మా పరుగులాంటి నడకతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, పనైపోయింది! ముందు సీటు నీ టికెట్టుకి ఇవ్వరు, అందుకని వెనక సీటున్న ఒక ప్లాటినం కార్డు ఆయన్ని ముందు సీటుకి అప్‌గ్రేడ్ చేస్తాం. ఆయన వదిలిన సీటు నీది. మేనేజరు కూడా సరేనన్నారు. రా, ఇప్పుడే బోర్డింగ్ కార్డు తీసిచ్చేస్తా."

ఆదాం లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"టైమయిందా?"

"పట్టిక మూసేది పది యాభైకి. ఇంకో ఐదు నిమిషాలుంది. ఎవరొస్తారు నాన్నా, రా."

"ఐతే ఐదు నిమిషాలాగు" అన్నాడు ఆదాం.

"నాన్నా!"

"ఆగమ్మా. యార్డులో గంట కొట్టకముందు నేనేనాడూ లాటు పిలవలేదు. సొంత నాన్నకి ముందే ఇచ్చిందని రేపు నిన్నొకడు వేలెత్తి చూపిస్తే నేను భరించలేను. ఎవరూ లేరుగా, నా వంతు ఎక్కడికి పోతుంది?"

ఇదిగో, ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది. అన్న టిక్కీలు తడిసిన రోజునైనా బుద్ధి రాని మనిషిని ఏమనాలి? ఆ ఐదు నిమిషాల్లో అన్న మొహం ఉంది. అది పోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అంత నమ్మకం వరస మీద.

పది నలభై ఎనిమిదికి లక్ష్మీకాంత్ వచ్చాడు. చెవి దగ్గర ఫోను, చేతిలో చిన్న బ్యాగు. సాయంత్రం ఆరింటి విమానానికి బిజినెస్ క్లాస్ టికెట్టుంది ఆయన దగ్గర. "ఇక్కడ పనైపోయిందమ్మా. సాయంత్రం దాకా ఏం చేస్తాను? దీంట్లో ముందు సీటేమైనా ఉందా?" అని అడిగాడు కౌంటర్లో. ఆయన పేరు కొట్టగానే పట్టికలో అన్నిటికంటే పైన వచ్చి కూర్చుంది. ముందు సీటు ఆయనదైపోయింది. ఇక వెనకనుంచి ఎవర్నీ ముందుకి పంపక్కర్లేదు. వెనక సీటు ఖాళీ కాలేదు.

నగ్మా బోర్డింగ్ కార్డు తీసి ఇచ్చింది. "హ్యాపీ జర్నీ సార్" అంది. అనాలి, అది ఉద్యోగం.

లక్ష్మీకాంత్ తిరగబోతూ ఆదాంని గుర్తుపట్టాడు. "అరె, కాటా ఆదాం! ఇక్కడ కూడా నిలబడే ఉన్నావా?" అని నవ్వాడు.

జీవితంలో ఎవర్నీ, ఏదీ వరస తప్పించి అడగని మనిషి అప్పుడు అడగబోయాడు. రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, ఒక్క మాట. మా అన్న..."

"వచ్చాక మాట్లాడదామయ్యా, టైమైపోతోంది. పిలిచినప్పుడు లేకపోతే చివరికి పొమ్మంటావుగా నువ్వు! నీ దగ్గర నేర్చుకున్నదే" అని భుజం తట్టి, ఫోను మళ్లీ చెవికి ఆనించుకుని సెక్యూరిటీలోకి వెళ్లిపోయాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. అన్న పోయాడన్న మాట పూర్తిగా వింటే బహుశా ఆగేవాడే.

పది యాభై అయింది. పట్టిక మూశారు. కొంచెంసేపటికి ఆదాం ఇంకా అక్కడే నిలబడి ఉంటే, ఒక సెక్యూరిటీ మనిషి వచ్చి పక్కకి జరగమన్నాడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగాక నగ్మా బయట బెంచీ మీద తండ్రి పక్కన కూలబడింది. ఏడుపు ఆపుకోలేక ఆయన్ని తిట్టింది కూడా. "ఐదు నిమిషాలు నాన్నా! ఐదు నిమిషాలు! ఎవరి కోసం ఆగావు?" ఆదాం సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. చివరికి ఆమే ముక్కు తుడుచుకుని అంది.

"ఆరింటి విమానంలో సీటుంది. ఖాయంగా ఎక్కొచ్చు. లక్ష్మీకాంత్ గారు వదిలేసిన దానివల్లే."

"ఆరింటికెళ్లి ఎవర్ని చూడనమ్మా?" అన్నాడు ఆదాం.

అసర్ దాటి గంటయ్యాక బాజీ ఫోను చేశాడు. నగ్మా స్పీకరు పెట్టింది. అయిపోయిందని చెప్పాడు బాజీ. ఆఖరిదాకా బాబాయ్ వస్తాడేమోనని చూశామనీ, మొహం మీద గుడ్డ కప్పేముందు గుమ్మంవైపు ఒకసారి చూశాననీ చెప్పాడు. ఆదాం అంతా విన్నాడు. అప్పుడు అడిగాడు. షెడ్డంతా మోగిన గొంతు, పక్కనున్న కూతురికి కూడా సరిగ్గా వినబడలేదు.

"సమాధిలోకి నాన్నని దించింది నువ్వేగా. నువ్వు పైకెక్కాక మొదటి పిడికిలి మట్టి ఎవరేశారురా?"

"చూడలేదు బాబాయ్" అన్నాడు బాజీ. "వరసలో ముందున్నవాళ్లు ఎవరో వేశారు."