నానిన బాదంపప్పు

ఒంటికి మంచిదని కోడలు నానబెట్టిన బాదంపప్పు నా చేతిలో పెట్టింది. ఆ పచ్చివాసన తగలగానే, ఈ వయసులోనూ గుబులు పుట్టింది.

చిన్నప్పుడు పెంటపాడులో మా ఇంట బాదంపప్పు తినేది పందెం పుంజు ఒక్కటే. నాన్న దానికి తినిపించి, వేణ్ణీళ్ళ గుడ్డతో కాళ్ళకి కాపడం పెట్టి, పందెంలో దింపేవారు. ఓడితే సాయంత్రానికి కూరయ్యేది.

ఒకరోజు ఆ బాదంపప్పు నాకు పెట్టారు. నా కాళ్ళకీ కాపడం పెట్టారు.

"ఎందుకండీ నాన్నగారూ?"

"గూడెం స్కూల్లో పరుగు పందెంరా. నిన్ను దింపుతున్నాను."

ఆ సాయంత్రం అమ్మ మసాలా నూరుతుంటే ఎవరికోసమోనని అనుమానంగా చూశాను.

పందెం నాడు ప్రాణభయంతో పరిగెత్తి గెలిచాను. నాన్న భుజాలకెత్తుకున్నారు. అంతకుముందెన్నడూ ఎత్తుకోలేదు. గండం గడిచిందనుకున్నాను.

ఇంటికొస్తూ బండిలో పక్కాయనతో అన్నారు, "వచ్చే నెల ఏలూరులో దింపుతానండి."

గెలిచిన పుంజుని ఏం చేస్తారో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పరుగులవల్లే నా ఒళ్ళు ఇంకా గట్టిగా ఉంది, కాదనను. కోడలు పెట్టిన పప్పు మాత్రం చేతిలోనే ఉంది. ఎక్కడ దింపుతుందో అడిగి తినాలి.