నేను చెక్కిన మూడో తెడ్డు

పర్ణశాల దాటాక అడవి అంచున ఒక ఊళ్ళో బడిపంతులుగా ఉన్న రోజుల్లో నాకు తెడ్డు చెక్కాలన్న పిచ్చి పట్టింది. పక్కింటి తాత గరిటెలు, తెడ్లు, పప్పుగుత్తులు చెక్కి సంతలో అమ్మేవాడు. పక్కన కూర్చొని చూస్తుంటే చాలా తేలిక పనిలా కనిపించేది. పెనుబల్లిలో ఉన్న నా భార్యకు, నా చేత్తో చేసిన తెడ్డు తెస్తానని ఫోనులో గొప్పగా చెప్పేశాను.

తాత ఒక పాలకొడిశ చెట్టు కొమ్మ, చెక్కడానికి పాత బాడిశ, ఉలి ఇచ్చాడు. మొదటి తెడ్డు కాడ దగ్గర విరిగింది. రెండోదాన్ని తొందరగా ఆరుతుందని ఎండలో పెట్టి బడికి పోయాను. వచ్చి చూస్తే నిలువునా పగిలి ఉంది. అప్పటికే అరచేతుల్లో బొబ్బలు చితికి సుద్దముక్క పట్టుకోవడం కూడా కష్టమైంది.

"పచ్చి చెక్కను ఎండల పెడ్తరా సారూ? నీడకు ఆరాలె," అన్నాడు తాత.

"ముందే చెప్పొచ్చుగా తాతా."

"మీరు అడగలే."

మూడోదానికి పదిహేను రోజులు పట్టింది. తెడ్డు తలలో గుంట తొలుస్తుంటే ఉలి ఒక పక్కకే పోయేది. సరిచేయబోతే ఇంకో పక్క పలచబడేది. కోపమొచ్చి రెండుసార్లు పెరట్లోకి విసిరేశాను. కాసేపటికి నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. చివరికి కాడ కొంచెం వంకరగా, గుంట కొంచెం ఎత్తుపల్లాలతో, తెడ్డని చెప్పుకోదగ్గది ఒకటి తయారైంది.

నున్నగా గీయడానికి గాజుపెంకు అడుగుదామని తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బాడిశ అందుకున్నాడు. నేను వద్దనేలోపే కాడ మీద నాలుగు దెబ్బలు పడ్డాయి. వంకర పోయింది. తర్వాత గుంటంతా ఉలి తిప్పాడు. పదిహేను రోజులు నాకు చేతకానిది, నోట్లో బీడీ అయిపోయేలోపు అయిపోయింది.

"గిప్పుడు మంచిగున్నది, తీసుకపోండ్రి," అంటూ నవ్వుతూ చేతిలో పెట్టాడు.

ఒళ్ళు మండిపోయింది. కానీ సాయం చేసిన మనిషిని ఏమనగలను? "బాగుంది తాతా," అని వచ్చేశాను.

ఆదివారం ఇంటికి తీసుకెళ్తే నా భార్య దాన్ని వేలితో తడిమి చూసింది.

"నిజంగా మీరే చేశారా?"

"సగం."

"ఏ సగం?"

చూపించడానికి నా ఉలి గాటు ఒక్కటీ దాని మీద మిగల్లేదు.

తిరిగి వెళ్ళాక తాతను ఇంకో కొమ్మ అడిగాను. "ఈసారి మీరు ముట్టుకోవద్దు," అని ముందే చెప్పాను. "గట్లనే సారూ," అన్నాడు. అది సగంలో పగిలినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. మాట ప్రకారం ముట్టుకోలేదు. బదిలీ అయ్యేదాకా మరో మూడు కొమ్మలు పాడుచేశాను గానీ, నాది అని చెప్పుకునే తెడ్డు ఒక్కటీ రాలేదు.