ఇంట్లోవాళ్లు ఎంచిన పుస్తకం

మా వదిన పాత బట్టలు సరిచేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్లకు కుట్లు విప్పి వదులు చేయడం. ముందుగదిలో మిషను, దాని పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం. గిరాకీ లేనప్పుడు చదువుతుందనుకునేరు, ఉన్నప్పుడూ చదువుతుంది. "రేపు రండి" అని మనిషిని పంపేసి పేజీ తిప్పుతుంది. ఎదురింట్లో ఉండే ఆడపడుచును, నాకు తెలియదా.

పోయిన ఏడాది మా వీధి చివరి లైబ్రరీలో రీడింగ్ చాలెంజ్ అని ఒకటి పెట్టారు. నెలకో రకం పుస్తకం చదవాలి. అట్ట మీద మనిషి బొమ్మ లేనిది, మనం పుట్టకముందు అచ్చయినది, ఎప్పుడో సగంలో వదిలేసినది, ఇలా. వదిన పేరిచ్చి పంతం పట్టింది. భయపెట్టే పుస్తకం వంతు వచ్చిన నెలంతా లైటు వేయకుండా పెరట్లోకి వెళ్లలేదు గానీ, చదవడం మాత్రం మానలేదు.

చిక్కంతా చివరి నెలలో వచ్చింది. 'మీ ఇంట్లోవాళ్లు మీ కోసం ఎంచి ఇచ్చిన పుస్తకం' చదవాలట.

"నేనిస్తా కదా వదినా," అన్నాను.

"నువ్వు మా ఇంట్లో ఉండవుగా. అయినా మీ అన్నయ్య ఏది తీస్తారో చూడాలనుంది. ఇన్నేళ్లు కాపురం చేశాక, నాకేం నచ్చుతుందనుకుంటున్నారో తెలుస్తుంది," అంది.

మా అన్నయ్య బస్సుల డిపోలో డ్యూటీలు వేస్తాడు. ఏ డ్రైవరుకు ఏ రూటు ఇష్టమో, ఎవరికి ఎవరితో పడదో కళ్లు మూసుకుని చెబుతాడు. ఇంట్లో మాత్రం పప్పులో ఉప్పెక్కువైతే తప్ప మనుషులు కనపడరు.

"పుస్తకాల సంగతి నాకేం తెలుసే? నీకు నచ్చిందేదో తెచ్చుకుని నా పేరు చెప్పేయ్," అన్నాడు.

"అలా కాదండీ. మీరే చూసి తీయాలి."

"ఇదేం చాదస్తం" అని విసుక్కున్నా, ఆదివారం వదిన వెంట లైబ్రరీకి వెళ్లాడు. లోపలికి అడుగు పెట్టగానే పేపర్ల బల్ల దగ్గర పాత స్నేహితుడు దొరికాడు. ఇక ఇద్దరూ కబుర్లలో పడ్డారు. వదిన అలమరాల మధ్య నిలబడే ఉంది. లైబ్రరీ మూసే వేళకు "అయిందా నీ పని?" అంటూ వచ్చాడు.

కొడుకును అడిగితే ఫోనులోంచి తలెత్తకుండా "బరువు తగ్గడం మీద ఏదైనా చదువమ్మా" అన్నాడు. ఏ పుస్తకమో చెప్పరా అంటే "చూస్తాలే" అన్నాడు. ఆ చూడడం ఇంకా అవుతూనే ఉంది. నాకైతే తండ్రీకొడుకులిద్దరినీ ఆ మిషను కింద పెట్టి కుట్టేయాలనిపించింది.

నెలాఖరు దగ్గర పడ్డాక వదిన ఒక్కతే వెళ్లి, ఒంటరిగా సముద్రాలు తిరిగిన ఒకావిడ ప్రయాణాల పుస్తకం తెచ్చుకుంది. చదివి తిరిగిచ్చేటప్పుడు "మా ఆయన ఎంచారండీ" అని చెప్పింది.

బహుమతుల రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. చాలెంజ్ చివరిదాకా పూర్తి చేసింది వదిన ఒక్కతే. లైబ్రేరియన్ మేడం ఆ ఆఖరి పుస్తకం ఊసెత్తి, "ఎంత బాగా ఎంచారండీ, ఒకసారి లేచి నిలబడండి," అంది. నీళ్లు నములుతాడనుకున్నాను. ఎక్కడా తడుముకోలేదు.

"మా ఆవిడకేం నచ్చుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ," అన్నాడు.

హాలంతా చప్పట్లు. వదిన కూడా కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరిగొస్తూ, అన్నయ్య ముందు నడుస్తుంటే, "ఎందుకు వదినా అలా చెప్పావు?" అని అడిగాను.

"ఇంట్లో ఎవరూ ఏమీ ఇవ్వలేదని నలుగురిలో ఎలా చెప్పను? వాళ్లు చప్పట్లు కొడుతుంటే ఒక్క క్షణం నేనూ నిజమే అనుకున్నాను. ఎంత హాయిగా ఉందో. అందుకే ఇప్పుడింత ఏడుపొస్తోంది," అంది. ఏడవలేదు.

నేనూ వాళ్లింట్లోకే వెళ్లాను. అన్నయ్య అప్పటికే కొడుకును కూర్చోబెట్టి, చప్పట్ల సంగతి రెండోసారి చెబుతున్నాడు.

"ఇంతకీ ఏ పుస్తకం నాన్నా?" అన్నాడు వాడు.

 అన్నయ్య వంటింట్లోకి కేకేశాడు.

"ఏమేవ్, నేను నీకిచ్చిన పుస్తకం పేరేంటి?"

వదిన గ్లాసులు కడుగుతూనే పేరు చెప్పింది.